బరువు తగ్గించే మాత్ర.. ఒక్కరి లివర్ సమస్యతో బ్రేక్! ఫేజ్-1 ట్రయల్స్‌లో అసలేం చూస్తారు?

బరువు తగ్గడానికి వెగోవీ, మౌంజారో ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకీ వచ్చేశాయి. మరి సూది లేకుండా రోజుకో మాత్రతో పని జరిగితే? ఫార్మా కంపెనీలు పరుగులు పెడుతున్నది అందుకే. అయితే ఆ దారిలో పెద్ద కంపెనీలకూ ఎదురుదెబ్బలు తప్పడం లేదు.

అసలేం జరిగింది?

ఫైజర్ తయారుచేసిన డానుగ్లిప్రాన్ అలాంటి మాత్రే. ట్రయల్స్‌లో 1,400 మందికి పైగా పాల్గొన్నారు. రోజుకు ఎంత డోస్ ఇవ్వాలో తేల్చే దశలో ఒక వాలంటీర్‌కు మందు వల్లే లివర్ దెబ్బతిని ఉండొచ్చన్న అనుమానం వచ్చింది. ఆ వ్యక్తికి పైకి ఏ లక్షణాలూ లేవు. మాత్ర ఆపాక సమస్య తగ్గిపోయింది. అయినా మొత్తం డేటా, నియంత్రణ సంస్థల సూచనలు చూశాక 2025 ఏప్రిల్ 14న ఫైజర్ ఈ మందును పక్కన పెట్టేసింది. ఇదే కంపెనీ 2023 జూన్‌లో లోటిగ్లిప్రాన్ అనే మాత్రనూ లివర్ ఎంజైములు పెరగడంతో ఆపేసింది.

ఫేజ్-1 అంటే..

సాధారణంగా 20 నుంచి 100 మందిపై చేసే తొలి పరీక్ష ఇది. ముందు అతి చిన్న డోస్ ఇస్తారు. ఇబ్బంది లేదంటేనే తర్వాతి బ్యాచ్‌కు డోస్ పెంచుతారు. మందు రక్తంలో ఎంతసేపు ఉంటోంది, గుండె, లివర్, కిడ్నీలు ఎలా ఉన్నాయి, వాంతులు అవుతున్నాయా.. ఇవే కీలకం. ఎన్ని కిలోలు తగ్గారన్నది ఇక్కడ మెయిన్ పాయింట్ కాదు.

పాస్ అయితే సేఫేనా?

కాదు. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే సమస్య 50 మందిలో కనిపించకపోవచ్చు. రిమోనాబాంట్ అన్ని దశలూ దాటి 2006లో యూరప్‌లో అనుమతి పొందింది. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల ముప్పుతో 2008లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది.

వాలంటీర్లకు హక్కులున్నాయి

మన దేశంలో 2019 నాటి క్లినికల్ ట్రయల్ రూల్స్ ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, వాలంటీర్ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే తప్పుకోవచ్చు. డబ్బు వస్తుందని సంతకం పెట్టేముందు ఈ విషయాలు అడిగి తెలుసుకోవాలి.

ఇకపై ‘బరువు తగ్గించే కొత్త మాత్ర.. మనుషులపై ట్రయల్ సక్సెస్’ అన్న వార్త కనిపిస్తే మూడు విషయాలు చూడండి. ఏ ఫేజ్? ఎంతమందిపై? ఎన్ని వారాలు? ఫేజ్-1 దాటిందంటే తర్వాతి పరీక్షకు అర్హత వచ్చినట్టే, మెడికల్ షాపుకు వచ్చేసినట్టు కాదు.