పాత కారుకి కొత్త గొట్టాలు

ఐర్లండులో పెద్ద ఇంజను కారు ఉంచుకోవడమంటే ఏనుగుని మేపడమే. 2008 జూలైకి ముందు రిజిస్టరయిన కార్లకి రోడ్డు పన్ను ఇంజను సైజునిబట్టి ఉంటుంది. మూడు లీటర్లు దాటితే ఏడాదికి 1,809 యూరోలు! అదే కారుకి ముప్ఫై ఏళ్ళు నిండితే పన్ను 56 యూరోలకి దిగిపోతుంది. బయటి దేశం నుంచి తెచ్చుకున్నా, ముప్ఫై దాటిన బండికి రిజిస్ట్రేషను పన్ను 200 యూరోలే. అంచేత ఇక్కడ పాత వి-8 బండ్ల మీద మోజు వట్టి వ్యామోహం కాదు, అందులో కొంత లెక్క కూడా ఉంది.

చిక్కల్లా బండి ఇంటికొచ్చాక మొదలవుతుంది. చాలామంది ముందు చేసే పని, కంపెనీ బిగించిన బీడు మానిఫోల్డు పీకేసి హెడర్లు వేయించడం. హెడర్లంటే ఒక్కో సిలిండరు నుంచి ఒక్కో గొట్టంగా పొగని బయటికి తెచ్చి, కొంతదూరం పోయాక కలిపే అమరిక. హైదరాబాదులో బుల్లెట్ సైలెన్సరు మార్చి వీధి అదరగొట్టే కుర్రాళ్ళకీ, ఇక్కడ యాభై దాటిన పెద్దమనుషులకీ ఈ విషయంలో పెద్ద తేడా ఏమీ లేదు.

హెడర్లు వద్దని నేననను. కానీ కేటలాగులో గుర్రాల సంఖ్య చూసి కొనడం మాత్రం తప్పే.

ఉదాహరణకి ఎమ్‌జిబి జిటి వి-8ని తీసుకుందాం. 1973 నుంచి 1976 దాకా 2,591 బండ్లు మాత్రమే తయారయ్యాయి. దాని ఇంజను 3.5 లీటర్ల రోవర్ వి-8. అసలు అది అమెరికాలో బ్యూయిక్ వాళ్ళు 1961లో తెచ్చిన అల్యూమినియం ఇంజను; దాని హక్కులు రోవర్ కొనుక్కుంది. శక్తి 137 గుర్రాలు. అంతకన్నా ముఖ్యమైన విషయం, దీని టార్కు 2,900 ఆర్‌పిఎమ్ దగ్గరే శిఖరానికి చేరుతుంది. అంటే ఇది కింది వేగాల్లో లాగే ఎద్దు, పరుగుపందెం గుర్రం కాదు. ఇలాంటి ఇంజనుకి లావు గొట్టాలు బిగిస్తే ఏమవుతుంది? పొగ వేగం తగ్గుతుంది. పొగ దడదడమని తోసుకుపోతేనే వెనక కొంత శూన్యం ఏర్పడి, అది సిలిండరులో మిగిలిన పొగని లాగుతుంది, కొత్త గాలిని పిలుస్తుంది. లావు గొట్టంలో ఆ లాగుడు 5,000 దాటాక గానీ అందదు. 2025 ఫిబ్రవరి నుంచి ఐర్లండు పల్లెల్లో లోకల్ రోడ్ల మీద మామూలు వేగపరిమితి గంటకి 80 నుంచి 60 కిలోమీటర్లకి తగ్గింది. ఆ రోడ్ల మీద 5,000 ఎక్కడ తిప్పుతారు, ఎందుకు తిప్పుతారు? ఈ ఇంజనుకి ఒకటిన్నర అంగుళం, మహా అయితే ఒకటీ అయిదు బై ఎనిమిది అంగుళాల గొట్టం చాలు.

ఇంకో సంగతి అమ్మేవాళ్ళు అరుదుగా చెబుతారు. ఈ ఇంజనులో సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2. ఎడమ పక్కన బేసి సంఖ్యలు, కుడి పక్కన సరి సంఖ్యలు. వరస చూడండి: ఎడమ పక్క 5, 7 వెంటవెంటనే పేలుతున్నాయి, కుడి పక్క 8, 4 కూడా అంతే. ఒకే చిన్న గదిలోకి రెండు పొగలు ఒకదాని వెనక ఒకటి దూకితే రెండోది మొదటిదాన్ని తోస్తుంది. కాబట్టి నాలుగు గొట్టాలని రెండుగా, రెంటిని ఒకటిగా కలిపే రకం కొంటున్నప్పుడు ఈ జంటలు విడివిడిగా ఉన్నాయో లేదో వేలుపెట్టి చూసుకోండి. గుర్రాల కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

చోటు కూడా ఒక సమస్యే. స్టీరింగు కుడివైపు కాబట్టి దాని కడ్డీ కుడి వరస గొట్టాల పక్కనుంచే పోతుంది. 1993లో వచ్చిన ఎమ్‌జి ఆర్‌వి-8లో ఈ తలనొప్పి తప్పించుకోడానికి గొట్టాలని లోపలి రెక్క రేకుకి పెట్టిన కంతలోంచి బయటికి తీశారు. పాత బండికి అదే పని చెయ్యాలంటే రేకు కొయ్యాలి. కోసిన రేకు మళ్ళీ రాదు! రెండువేల అయిదువందల పైచిల్లరే పుట్టిన బండి మీద ఆ కోత నాకు నచ్చదు. అమెరికా నుంచి ఎడమ స్టీరింగుతో వచ్చిన ముస్టాంగ్‌ని కుడికి మార్పించేవాళ్ళయితే, ముందు స్టీరింగు పని పూర్తిచేసి ఆ తరవాత హెడర్లు కొనండి. వరస తిరగబడితే రెండోసారి డబ్బు పోస్తారు.

ఇక వాన. ఇక్కడ దాని గురించి చెప్పేదేముంది! మామూలు ఉక్కు గొట్టాలు చవకే గాని, తడికీ, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ త్వరగా తుప్పు పడతాయి. వేడి ఆపడానికని కొందరు వాటికి గుడ్డపట్టీ చుడతారు; అది తడిని పట్టి ఉంచి గొట్టాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. 304 స్టెయిన్‌లెస్ మేలు. అయితే అది వేడికి ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కు 6 మిల్లీమీటర్లు, ఇది ఎనిమిదిన్నర దాకా సాగుతుంది. అందుకే ఇంజనుకి ఆనే పట్టీ దళసరిగా, 10 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి. పలచగా ఉంటే వంకర తిరిగి సందులోంచి పొగ కారుతుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. పాత కారులో అడుగు రేకు కంతల్లోంచి అది లోపలికొస్తే ప్రాణం మీదికొస్తుంది. చలికి అద్దాలు బిగించుకుని నడిపే దేశంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బిగించిన వారం తరవాత బోల్టులు మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఈ ఇంజను హెడ్లు అల్యూమినియం కనక బలమంతా పెట్టి తిప్పితే మరలు ఊడొస్తాయి, జాగ్రత్త.

పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని పొడిగా గీకకుండా తడిపి తియ్యండి. తీసిన బీడు మానిఫోల్డు పాత ఇనుముకి అమ్మకండి. నూనె రాసి షెడ్డులో పెట్టండి. రేపు బండి కొనడానికి వచ్చేవాడు మొదట అడిగేది దాన్నే.