దారి చెప్పే పెట్టె

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదన్నది పాతకాలపు మాట. ఇప్పుడు ఎవరినీ అడిగే పని లేకుండా దారి చెప్పే యంత్రాలు బజారులోకి వచ్చి చాలా కాలమే అయింది. కారు కొన్న ప్రతి ఇంట్లోనూ రెండోనాడే పుట్టే ప్రశ్న: వీటిలో ఏది కొందాం? కళాశాలలో తెలుగు పాఠం చెప్పుకునే నన్ను ఈ ప్రశ్న అడగడం చిత్రమే. కాని పరీక్షల డ్యూటీలకనీ, పెళ్లిళ్లకనీ, తీర్థాలకనీ నల్లగొండ, మహబూబ్‌నగర్ రోడ్ల మీద తిరిగి తిరిగి అరిగినవాణ్ణి గనక మిత్రులు నన్ను వదలడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఈ వారం ఇక్కడే చెప్పేస్తున్నాను.

ముందు ఒక అపోహ తొలగాలి. ఉపగ్రహం మనకు దారి చెప్పదు. మన కారును అది చూడనైనా చూడదు. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలలో మొదటిది 1978 లో ఆకాశానికి లేచింది. 1995 నాటికి ఆ ఏర్పాటు పూర్తి అయింది. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ, వేళ ఎంతయినదీ నిరంతరం చాటుతూ ఉంటాయి. మన యంత్రం కనీసం నాలుగింటి చాటింపు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్క కట్టి, మనమెక్కడున్నదీ తేల్చుకుంటుంది. సెకనులో పది లక్షలవ వంతు తప్పినా 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకే వాటిలో పరమాణు గడియారాలు పెట్టారు. రేడియో వినడానికి స్టేషనుకు ఉత్తరం రాయనక్కరలేదు గదా! అలాగే ఈ చాటింపు వినడానికి ఫోను సిగ్నలూ అక్కరలేదు, నెలనెలా చందా అక్కరలేదు. 2000 మే దాకా మనబోటివారికి అందే సంకేతాన్ని అమెరికా కావాలనే మసకబరిచేది. ఆ మసక తొలగిన తరువాతే ఈ సరకు ఇంటింటికీ చేరింది. మనవారు కూడా 2013 నుంచి శ్రీహరికోట మీదుగా సొంత ఉపగ్రహాలు పంపి, 2016 లో ఆ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టుకున్నారు.

అయితే ఆకాశం నుంచి తెలిసేది “నువ్విక్కడున్నావు” అన్న ఒక్క సంగతే. “ఇక్కడ” అంటే ఏ ఊరో, ఏ సడకో చెప్పేది పటం. పటం మనుషులు గీసేది. 1802 లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టిన దేశపు కొలత సుమారుగా 78 వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి సాగింది. ఆ రేఖాంశం మన మహబూబ్‌నగర్ పక్కగానే పోతుంది. అర టన్ను బరువున్న కొలత యంత్రాన్ని మోసుకుంటూ వారు కొండకొండా ఎక్కారు. నేటి పటాలు గీసేవారికి అంత శ్రమ లేకపోవచ్చు గాని, పొరపడే అవకాశం, పాతబడే గుణం మాత్రం పటానికి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కాబట్టి ఈ యంత్రం కొనడమంటే నిజానికి పటం కొనడమే. తెర వెడల్పు చూసి మురిసిపోరాదు.

బజారులో దొరికేవి మూడు రకాలు. కారుతోనే బిగించి వచ్చేది ఒకటి. చూపుకు దర్జాగా ఉంటుంది, దాని ధర కారు ధరలో కలిసిపోయి కంటికి కనబడదు. పటం పాతబడితే మాత్రం కంపెనీవారి దయ. గార్మిన్ వంటివారు చేసే విడి పెట్టె రెండవది. పటమంతా దాని కడుపులోనే ఉంటుంది. మూడవది మన జేబులోని ఫోనే. గూగుల్ మ్యాప్స్ గాని, మన దేశపు మ్యాప్‌మైఇండియా వారి మాపుల్స్ గాని వేసుకుంటే వేరే ఖర్చు లేదు. నెట్టు అందినంతసేపు ముందున్న రద్దీ కూడా చెబుతాయి. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి: 2020 అక్టోబరు నుంచి అమలైన నిబంధన ప్రకారం, బండి నడుపుతూ ఫోను వాడదగింది దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ నడిపేవారి ధ్యాస చెడకుండా. అందుచేత గట్టి స్టాండు లేని ఫోనును దారి చెప్పే యంత్రంగా లెక్కించకండి.

ఇక ఏది కొన్నా నేను పెట్టే పరీక్షలు నాలుగు.

మొదటిది మన్ననూరు పరీక్ష. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోతుంటే మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే నల్లమల. అడవిలో చాలా దూరం ఫోను సిగ్నలు అందదు. నెట్టు మీద ఆధారపడిన పటం అక్కడ తెల్లకాగితమవుతుంది. దాని మీద మనం ఒక నీలపు చుక్కగా దిక్కులేక కదులుతాం. మా అమ్మకు డెబ్బయి దాటాయి. వేళకు రక్తపోటు మాత్ర, వేళకింత మజ్జిగన్నం పడాలి. అటువంటి మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నవాడికి ఆ తెల్లకాగితం వేళాకోళం కాదు. ఫోనే వాడదలిస్తే ఆ ప్రాంతపు పటాన్ని ఇంట్లో ఉండగానే దించి పెట్టుకోవాలి. ఇంకొక సంగతి: అది పులుల అడవి గనక రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా ఆ దారి మూసేస్తారు. యంత్రానికి ఆ గేటు సంగతి తెలియకపోతే, రాత్రి పదకొండుకు చేరతారని నిబ్బరంగా లెక్క చెబుతుంది. తీరా చూస్తే గేటు ముందు కారులోనే తెల్లవారుతుంది.

రెండవది పటం వయస్సు. 2016 అక్టోబరు 11 న పాత నల్లగొండ జిల్లా మూడయింది. పాత మహబూబ్‌నగర్ నాలుగయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపడి అయిదయింది. విజయవాడ రోడ్డు 9 వ నంబరు పోయి 65 అయింది. కర్నూలు రోడ్డు 7 పోయి 44 అయింది. పెద్దలు పాత నంబరు పలికితే ముచ్చటగా ఉంటుంది గాని, యంత్రం పలికితే కొనకండి. ఊరి పేరు కొట్టగానే జిల్లా పేరు కూడా చూపుతుందో లేదో చూడండి. చిట్యాల నల్లగొండలో ఒకటున్నది, భూపాలపల్లి వైపు ఒకటున్నది. కొత్తకోటలు, చింతపల్లులు తెలుగు నేల మీద ఒకటి కంటే ఎక్కువే. శుభలేఖలో ఊరి పేరు మాత్రమే చూసి బయలుదేరిన కారులో ముహూర్తం నడిరోడ్డు మీదే దాటిపోతుంది.

మూడవది నోరు. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివే యంత్రానికి ద, డ ల తేడా తెలియదు. కోదాడను “కొడాడ్” అంటుంది. ఒకసారి సూర్యాపేట దాటాక అది విని మా ఆవిడ, “ఏమండీ, ఈమె చెప్పే ఊరికి మనం పోవటం లేదు గదా?” అని అడిగింది. గూగుల్ పటం 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతున్నది. ఇంట్లో అందరికీ అర్థమయ్యే భాష ఉంటే, నడిపేవారు తెర చూడకుండానే వెనకవారు మలుపు గుర్తుచేస్తారు. ఇది భాషాభిమానం కాదు, ప్రాణరక్షణ.

నాలుగవది మన ఎండ. మే నెలలో నల్లగొండలో ఆరుబయట నిలిపిన కారు కుంపటే. అద్దానికి అతికించిన స్టాండు ఊడి ఒళ్లో పడుతుంది. వేడెక్కిన ఫోను తెర మసకబారి, ఒక్కోసారి తానే ఆరిపోతుంది. చల్లగాలి వచ్చే చోటు దగ్గర, రోడ్డుకు అడ్డురాకుండా బిగించుకోవడం మేలు.

కొన్న తరువాత “దగ్గరి దారి” కావాలా, “త్వరగా చేరే దారి” కావాలా అని యంత్రం అడిగితే ఆలోచించి చెప్పండి. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా చక్కని దారి ఉన్నది. అయినా దగ్గరి దారే కావాలని పట్టుబడితే యంత్రం మనల్ని డొంకలోకి దించగలదు. తోవ, తొవ్వ, బాట, పుంత, డొంక, సడక్ అని మనకు ఇన్ని మాటలున్నది ఊరికే కాదు. ఎడ్లబండి పోయేది వేరు, కారు పోయేది వేరు. యంత్రానికి అన్నీ గీతలే.

ఇవన్నీ నెగ్గిన యంత్రం కూడా చెప్పలేనిది ఒకటున్నది: ఈ రోజు ఆ దారి ఎలా ఉన్నదని. మూసీ పొంగినప్పుడు సంగెం దగ్గరా, జూలూరు-రుద్రవెల్లి మధ్యా తక్కువ ఎత్తు వంతెనలు మునిగి రాకపోకలు ఆగిన సంగతి భువనగిరి వైపువారికి కొత్త కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో, వరదకు కొంత కొట్టుకుపోయిన వంతెన మీదికి యంత్రం చూపిన దారినే పోయిన కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి ఆ వంతెన తెగిందని తెలుసు. ఆ కారులోనివారికి తెలియలేదు.

మా వైపు రోడ్డు పక్కన మేకలు కాసే ముసలమ్మ నడిగితే ఇలా చెబుతుంది: “గా తొవ్వల పోకు బిడ్డా, రాత్రి వాన గొట్టింది, వాగు పొర్లుతున్నది. కట్ట మీదికెల్లి పో.” ఈ మాట ఏ ఉపగ్రహమూ చాటదు.

అందుచేత నా సలహా ఇది. ఊరిచుట్టూ తిరిగే కుటుంబానికి పటం దించుకున్న ఫోను, గట్టి స్టాండు, కారులో చార్జీ చేసుకునే తీగ చాలు. నేను పెట్టుకున్నదీ అంతే. అడవి దారుల్లో తరచు ప్రయాణం చేసేవారు విడి పెట్టె కొనుక్కోవడం దండగ కాదు. ఏది కొన్నా, కారు అద్దం దించే మీట ఎక్కడున్నదో మాత్రం ఇంటిల్లిపాదీ తెలుసుకుని ఉండండి.