బోను కాదు, తలుపు కావాలి

మాది సూరత్‌లోని లింబాయత్, మగ్గాల పనికి వచ్చిన తెలుగు కుటుంబం. బార్డోలి, మాండ్వి వైపు చెరకు కోతలు మొదలైతే చాలు, చిరుత కూనలు దొరికాయన్న కబురు వస్తుంది. వెంటనే అందరూ బోను పెట్టమంటారు. గుజరాత్‌లో 2016లో 1,395 ఉన్న చిరుతలు 2023 నాటికి 2,274 అయ్యాయి. నీడ, నీరు, పందులు, ఊరకుక్కలు దొరికే చెరకుతోటే వాటికి అడవి. ఒకదాన్ని పట్టుకెళితే ఆ చోటికి ఇంకొకటి వస్తుంది. కూనల్ని దొరికిన చోటే బుట్టలో ఉంచితే, చాలాసార్లు తల్లి రాత్రికి వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది.

అసలు ప్రమాదం కోత కూలీలకు. డాంగ్స్ జిల్లా నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చి, తోటల దగ్గరే గుడిసెల్లో పసిపిల్లలతో నేలమీద పడుకుంటారు. చక్కెర మిల్లులు వాళ్ళకు తలుపున్న గది, దీపం, మరుగుదొడ్డి కట్టించాలి. మిల్లులు అవి కట్టించేలా ప్రభుత్వం చూడాలి.