మన కెమెరాకు ఏ లెన్స్ కొందాం?

ఏటా ఆగస్టు 9న మన ఫోటోలు ఎవరెవరో తీస్తారు. ఇక మనమే తీసుకుందాం. చందాల డబ్బుతో లెన్స్ కొనేముందు ఒక్కమాట.

కెమెరాతో వచ్చిన 18-55 పగలు బాగానే పనిచేస్తది. కానీ మన డెల్టా యానాది కాలనీల్లో పెద్దోళ్లు తీరిగ్గా కూర్చునేది చేపల వేట నుంచి వచ్చాక, దీపాల వేళే. పూర్తిగా జూమ్ చేస్తే 18-55 అపర్చర్ 5.6 దగ్గర ఆగిపోతుంది. టామ్రాన్, సిగ్మా 17-50 లెన్సులు జూమ్ చేసినా 2.8 ఇస్తాయి. అంటే నాలుగింతల వెలుగు.

కొత్తది అక్కర్లేదు. మన కెమెరా మౌంట్‌కి సరిపోయేది విజయవాడలో సెకండ్ హ్యాండ్ చూద్దాం. ఇక్కడి తేమకి లెన్సులో బూజు పడుతుంది. టార్చి వేసి చూశాకే డబ్బులిద్దాం. మన అవ్వ ముఖం మసగ్గా మిగలకూడదు.