ఫాదర్ తిరిగి వెళ్లారు



ఫాదర్ స్టాన్ స్వామి అనగానే మీలో చాలామందికి ముందు గుర్తొచ్చేది సిప్పర్ కప్పు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికే 83 ఏళ్ల మనిషి జైల్లో నీళ్లు తాగడానికి స్ట్రా, కప్పు అడిగితే, జవాబు చెప్పడానికే ఎన్ఐఏ 20 రోజుల గడువు కోరింది. 2020 నవంబరు సంగతి. మనకు కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ కప్పు దగ్గరే ఆగిపోతే ఆయన్ని జాలిపడాల్సిన ముసలాయనగా మిగిల్చేస్తాం. ఆయన జీవితంలో మనం నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆయన ఆదివాసీల దగ్గరికి వెళ్లారని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఆయన తిరిగి వెళ్లిన సంగతి.

1937లో తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాలో పుట్టి, జెస్యూట్ సభలో చేరిన ఆయన 1960ల మధ్యలో ఇప్పటి జార్ఖండ్‌లోని చాయిబాసా దగ్గర లుపుంగుటు బడిలో పాఠాలు చెప్పారు. హో తెగ పిల్లలు. వాళ్లతో కలిసి వారం సంతలకు వెళ్లేవారు. తన దగ్గర చదువుకునే పిల్లల ఇళ్లవాళ్లను బయటి వ్యాపారులు ఎలా మోసం చేస్తారో అక్కడే చూశారు. మారేడుమిల్లి సంతకో రంపచోడవరం సంతకో చింతపండు, కొండచీపుర్లు మోసుకెళ్లే అమ్మ ఉన్న ఇంటివాళ్లకి దీని గురించి నేను వివరించక్కర్లేదు.

తర్వాత బెంగళూరు వెళ్లారు. 1975 నుంచి 1986 దాకా ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరు. పేరుంది, పని ఉంది, గౌరవం ఉంది. చాలామందైతే అక్కడే స్థిరపడి, కుర్రప్పుడు అడవిలో గడిపిన రోజుల గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటూ బతికేస్తారు. ఆయన 1991లో మళ్లీ చాయిబాసా చేరారు. అప్పటికి 54 ఏళ్లు. బడిలో తను చూసిన పిల్లలు ఆపాటికి పిల్లల్ని కన్న పెద్దవాళ్లయి ఉంటారు. ఆ నేల మీదే హక్కుల సంఘాల పనిలో దిగారు. ఆ తర్వాత రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో బగైచా అనే కేంద్రం కట్టారు. ఉద్యమాల్లో ప్రాణాలిచ్చిన ఆదివాసీల పేర్లు చెక్కిన రాయి ఒకటి అక్కడుంది.

మన ఏజెన్సీకి వచ్చేవాళ్ల సంగతి మీకు తెలుసు. ప్రాజెక్టు పట్టుకుని ఒకరు, పీహెచ్‌డీ కోసం ఒకరు, కెమెరాతో ఇంకొకరు. మూడేళ్ల ఫండు అయిపోగానే ఫోను ఎత్తరు. కోనసీమలో ఉండే మాలాంటి మద్దతుదారుల్ని కూడా ఇందులో వదలొద్దు. పోలవరం కింద ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు కాకినాడలో, రాజమండ్రిలో సభలు పెట్టాం, ఫొటోలు దిగాం. ఆ కొండరెడ్డి, కోయ కుటుంబాల్లో ఎంతమంది పునరావాస కాలనీకి మేం మళ్లీ వెళ్లాం? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆయన మిషనరీ కదా, మతం కోసం వచ్చుంటారు అని మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అడగడంలో తప్పులేదు. చర్చి అయినా గుడి అయినా మన దగ్గరికి ఎవరొచ్చినా అడగాల్సిందే. అడిగాక, ఆయన్ని ఏ ప్రశ్నలు ఇబ్బందుల్లో పడేశాయో కూడా చూడండి. అరెస్టుకు ముందు మాట్లాడుతూ ఆయన చెప్పిన జాబితాలో ఉన్నవి: ఐదో షెడ్యూల్ ఎందుకు అమలు కావట్లేదు, 1996 పెసా చట్టాన్ని ఎందుకు పక్కన పెట్టారు, 1997 సమతా తీర్పు మీద ప్రభుత్వాలు ఎందుకు నోరు మెదపవు. ఆ సమతా తీర్పు మనదే. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి, బొర్రా వైపు గనుల లీజుల మీద మన వాళ్లు పోరాడి సుప్రీంకోర్టులో గెలుచుకున్నది. దాన్ని జార్ఖండ్‌లో ఒక తమిళ ఫాదర్ గుర్తుపెట్టుకున్నారు. మన కాలేజీ పిల్లల్లో ఎంతమందికి గుర్తుందో మీరే చెప్పండి.

2018లో పత్థల్‌గడీని సమర్థిస్తూ పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుల మీద 20 మందిపై కేసు పెట్టారు. అందులో ఆయన పేరూ ఉంది. అంతకన్నా ముందే ఆయన అధికారులకు కంట్లో నలుసయ్యారని నా అభిప్రాయం. ఎందుకంటే ఆయన జైలుకెళ్లిన కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టారు. నక్సలైట్ కేసుల్లో ఇరుక్కున్న 102 మంది విచారణ ఖైదీల వివరాలు సేకరించి బగైచా బృందం ఒక నివేదిక తెచ్చింది. వాళ్లలో 97 శాతం మంది తమ మీద మోపింది అబద్ధమని చెప్పారు. ఊరికే నివేదిక రాసి ఊరుకోకుండా, వాళ్ల విచారణ త్వరగా జరపాలని హైకోర్టుకు వెళ్లారు.

2020 అక్టోబరు 8న ఆయన్నే పట్టుకెళ్లారు. భీమా కోరేగావ్ కేసు. తాను ఆ ఊరికి ఎప్పుడూ వెళ్లలేదని ఆయన చెప్పారు. తలోజా జైల్లో సాటి ఉద్యమకారులను కలిశారు. మన వరవరరావు, వెర్నన్ గొన్సాల్వెస్, అరుణ్ ఫెరీరా వేరే సెల్‌లో ఉండేవారు, పగలు తలుపులు తీసినప్పుడు కలుసుకునేవారు. అరుణ్ అన్నం తినడానికి సాయం చేసేవాడని, వెర్నన్ స్నానం చేయించేవాడని, తన గదిలో ఉన్న నిరుపేద ఖైదీలు బట్టలు ఉతికి మోకాళ్లు నొక్కేవారని బయటి మిత్రులకి రాశారు. వాళ్ల కోసం ప్రార్థించమని అడిగారు. తన కోసం కాదు.

ఇలాంటి కథే మా అమలాపురంలో పుట్టిన మనిషిదీ ఉంది. జి.ఎన్. సాయిబాబా. ఐదేళ్లకే పోలియో, ఇక్కడే ఎస్.కె.బి.ఆర్. కాలేజీలో చదువు, ఢిల్లీలో ప్రొఫెసరు. ఆపరేషన్ గ్రీన్ హంట్ మీద ఆదివాసీల పక్షాన మాట్లాడాడు. 2014లో అరెస్టు, 2017లో యావజ్జీవం. 2020లో తల్లి చనిపోతుంటే చూడడానికి పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, పాత స్నేహితుల మధ్య ఏడు నెలలే బతికాడు. అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో పోయాడు.

స్టాన్ స్వామికి ఆ ఏడు నెలలు కూడా లేవు. 2021 మే 21న వీడియోలో బొంబాయి హైకోర్టు ముందుకొచ్చి, తనకు ఆసుపత్రి వద్దన్నారు. మధ్యంతర బెయిలు ఇస్తే రాంచీలో తనవాళ్ల దగ్గరికి వెళ్తానన్నారు. చివరికి ఆసుపత్రికే పంపారు. జులై 5న అక్కడే చనిపోయారు. బగైచాకు ఆయన అస్థికలే చేరాయి.

ఇప్పుడు నన్ను బాధపెట్టే మాట ఒకటి. స్టాన్ స్వామికి సంస్మరణ సభ పెడతాం. సాయిబాబాకు పెడతాం. పాండు నరోటే ఎవరని అడిగితే ఎంతమంది చెప్పగలరు? సాయిబాబాతో పాటే అదే కేసులో శిక్షపడ్డ గడ్చిరోలి ఆదివాసీ యువకుడు. నాగపూర్ జైల్లో జ్వరంతో పడిపోయి 2022 ఆగస్టులో చనిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 14న, హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ గడ్చిరోలి పక్కనుంచే ప్రాణహిత వచ్చి కాళేశ్వరం దగ్గర గోదారిలో కలుస్తుంది, ఆ నీళ్లే మా అంతర్వేదికి చేరతాయి. మేం పొలాలకి వాడుకుంటున్న నీళ్లు పాండు ఊరి వైపు నుంచి వస్తున్నాయి, అతని పేరు మాత్రం ఇక్కడిదాకా రాలేదు.

అందుకే అడుగుతున్నా. మీ మండలంలో కేసు కొట్టేశాక ఇంటికొచ్చినవాళ్లు, ఇంకా లోపలే ఉన్నవాళ్లు ఎవరో మీకు తెలుసు. ఈ వారం ఒక ఇంటికి వెళ్లండి. ఎన్నేళ్లు లోపలున్నాడు, లాయరు ఎవరు, వాయిదాలకి ఎవరు తిరుగుతున్నారు, ఇంటి దగ్గర పిల్లల చదువు ఏమైంది అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటివాళ్లు సరే అనకుండా పేరుగానీ ఫొటోగానీ ఎక్కడా పోస్టు చేయొద్దు. పండక్కో, వాయిదా రోజుకో మళ్లీ వెళ్లండి.

పునరావాస కాలనీల వైపు మేం బయల్దేరుతున్నాం. చాలా ఆలస్యంగానే.