సెలైను సీసాతో రక్తానికి బలం రాదు



పాదాలు ఉబ్బినా, నీరసం వచ్చినా "రక్తం నీరైపోయింది సిస్టరమ్మా, ఒక సెలైను పెట్టండి" అని అడగడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలవాటైపోయింది. ఈ అలవాటు మానుకోవాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

రక్తంలోని ద్రవాన్ని ప్లాస్మా అంటారు. అందులో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. సుమారు 7 పాళ్ళు ప్రోటీన్లు. వాటిలో ఎక్కువ భాగం లివరు తయారుచేసే ఆల్బుమిన్. ప్రోటీన్ పొడవాటి దారం లాంటిది. నీరు గిట్టని భాగాలు లోపలికీ, నీటితో కలిసే భాగాలు పైకీ వచ్చేలా అది ముడుచుకుంటుంది. చుట్టూ నీరుండబట్టే ఆ ఆకారం నిలుస్తుంది. ఆకారం బాగుంటేనే అది మందులను, కొవ్వులను మోయగలదు.

ఎండలో చెమట పట్టి, లేదా విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినంత మాత్రాన ఈ ముడత విడిపోదు. మారేది రక్తం చిక్కదనం. అప్పుడు పరీక్ష చేస్తే ఆల్బుమిన్ ఎక్కువగా కనిపిస్తుంది. నీరు అందాక అసలు లెక్క తెలుస్తుంది. అందుకే రక్తం ఇచ్చేముందు వాంతులు, విరేచనాలు అయ్యాయా, సెలైను ఎక్కించుకున్నారా అన్నది తప్పక చెప్పండి.

రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది కూడా ఆల్బుమినే. అది బాగా తగ్గితే నీరు బయటకు జారి పాదాల్లో చేరుతుంది. 500 మిల్లీలీటర్ల సెలైనులో ఉండేది 4.5 గ్రాముల ఉప్పు, మిగతాది నీరు. ప్రోటీన్ చుక్కైనా లేదు. వాపు ఉన్నవారికి అది ఎక్కిస్తే ఉన్న ఆల్బుమిన్ పలచబడి, వాపు పెరుగుతుంది. కిడ్నీ, గుండె జబ్బులున్నవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. అక్కడి కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని నేటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నీటి పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ఈ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

ఎండలో జీడితోట పనికి వెళ్ళేవారు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు, చోడి అంబలి, మజ్జిగ తాగండి. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా మింగవద్దు. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. విరేచనాలైతే పెద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి తాగండి. కిడ్నీ రోగులు మాత్రం ఎంత నీరు తాగాలో డాక్టరుగారినే అడగాలి.

సెలైను చెడ్డదని మేము అనడం లేదు. వాంతులు ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అప్పుడు అది ప్రాణదాత. ఎవరికి, ఎంత పెట్టాలో పరీక్షించి నిర్ణయించాలి. బలం కావాలంటే మాత్రం అది కంచంలోని పప్పు, గుడ్డు, చేపల నుండే వస్తుంది. కిడ్నీ జబ్బున్నవారు అవి కూడా డాక్టరుగారు చెప్పిన మేరకే తినాలి.

— నర్సింగ్ సూపరింటెండెంట్