సంఘం కుర్చీ అసెంబ్లీకి నిచ్చెనా?

ఉద్యోగ సంఘాల నాయకులు ఎన్నికల్లో నిలబడొచ్చా? కలెక్టరేట్ ముందటి చాయ్ హోటల్లో మొదలైన ఈ ముచ్చట ఏనాడూ ఒడవదు. నౌకరి చేసుకునేటోళ్లకు రాజకీయాలెందుకని ఒకాయన అంటాడు. మనోడు పోకపోతే మన గోస చెప్పేదెవరని ఇంకొకాయన లేస్తాడు. మా మాట సూటిగానే చెప్తాం. నిలబడొచ్చు. కానీ సంఘం కుర్చీలో కూసొని, సభ్యుల తలకాయలు లెక్కబెట్టి టికెట్టు బేరమాడితే మాత్రం చెల్లదు.

'రాజకీయాలెందుకు' అన్న మాటను ముందు తేల్చుకుందాం. తెలంగాణ ఉద్యోగికి రాజకీయాన్ని తప్పించుకునే వీలు ఎప్పుడన్నా ఉండెనా? ముల్కీ నిబంధనలను తుంగలో తొక్కింది రాజకీయమే. 610 జీవో 1985 డిసెంబర్ 30న వచ్చింది. అక్రమంగా చొరబడ్డ స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వాపస్ పంపాలని అందులో రాసుకున్నారు. ఏండ్లకేండ్లు అది కాగితం మీదనే మూలిగిందంటే, ఆపింది సెక్షన్‌లో కూసున్న గుమస్తానా? సర్కారు నడిపిన నాయకులా? 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. జీతం రాని దసరాను ఎన్నో ఇండ్లల్లో మేం కండ్లారా చూసినం. అంత చేసినవాళ్లను ఇప్పుడు రాజకీయాల జోలికి పోవద్దని చెప్పే హక్కు ఎవరికుంది?

కాబట్టి పోవుడు తప్పు కాదు. పోయినంక ఎవరి మనిషిగా ఉంటారన్నదే అసలు పంచాయితీ.

ఈ సందర్భంలో వి.వి. గిరిని యాది చేసుకోవాలె. బరంపురంలో పుట్టిన తెలుగాయన. రైల్వే కార్మికుల సంఘాల్లో ఎదిగినవాడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. 1952లో నెహ్రూ మంత్రివర్గంలోనూ అదే శాఖ. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం మార్చింది. గిరి ఏం చేశారు? చూస్తాం, చేస్తాం అనలేదు. 1954లో మంత్రి పదవిని వదిలేసి బయటికొచ్చారు. ఆ రాజీనామాతో ఆయన బతుకేమీ ఆగం కాలేదు, 1969లో దేశానికి రాష్ట్రపతి అయ్యారు.

ఇగ మన కాడికొద్దాం. టీఎన్జీవోల నాయకుడు స్వామిగౌడ్ 2013లో పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీగా గెలిచి, 2014లో శాసన మండలి చైర్మన్ అయ్యారు. గెజిటెడ్ అధికారుల సంఘం నాయకుడు శ్రీనివాస్‌గౌడ్ 2014లో మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేగా గెలిచి, 2019లో మంత్రి అయ్యారు. ఉద్యమంలో వాళ్ల పాత్రను కాదనేటోళ్లు ఎవరూ లేరు. జనమే ఓట్లేసి గెలిపించారు. టీఎన్జీవోల అధ్యక్షుడిగా ఉన్న దేవీప్రసాద్ మాత్రం 2015 మార్చిలో హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో అధికార పార్టీ అభ్యర్థిగా ఓడిపోయారు. రాష్ట్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. సంఘం సభ్యత్వ పుస్తకాన్ని ఓటర్ల లిస్టు అనుకునేటోళ్లకు ఆ ఒక్క ఫలితం చాలు.

అయితే గెలుపోటముల కన్నా మాకు పెద్ద ప్రశ్న వేరే ఉన్నది. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. 2011లో మన కోసం బస్సులు ఆపిన కార్మికులే వాళ్లు. 52 రోజులు రోడ్డు మీద ఉన్నారు. తమంతట తామే నౌకరీలు పోగొట్టుకున్నారని సర్కారు అన్నది. జీతాలు ఆగినయి, ప్రాణాలు పోయినయి. మరి 2021 డిసెంబర్‌లో? 317 జీవో వచ్చింది. సీనియారిటీ పేరుతో టీచర్లను, ఉద్యోగులను పుట్టిన జిల్లా నుంచి పక్క జిల్లాకు పంపింది. స్థానికత కోసం 610 జీవో పట్టుకొని కొట్లాడిన నేల మీద, సొంత రాష్ట్రంలో, స్థానికత పోయిందని టీచర్లు ధర్నాలు చేయాల్సి వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఉద్యోగ సంఘం నుంచి పోయిన నాయకుడు మంత్రివర్గంలోనే ఉన్నారు. రాజీనామా మాట వినబడలేదు. మంత్రివర్గానికి సమష్టి బాధ్యత ఉంటది కదా అంటారు. 1954లో గిరికి లేకుండెనా?

2015లో 43 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది కదా అని అడిగేటోళ్లున్నారు. వచ్చింది, కాదనం. కానీ 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్ల నెత్తిన పెట్టిన సీపీఎస్ 2014 తర్వాత కూడా పోలేదు. పీఆర్సీ చర్చలకు పోయే నాయకుడి జేబులో డిమాండ్ల పత్రం ఒక్కటే ఉండాలె. దాని పక్కన టికెట్టు దరఖాస్తు కూడా ఉంటే, ఎదురుంగ కూసున్న సర్కారుకు ఆ సంగతి మనకన్నా ముందే తెలుస్తది. డీఏ బకాయిల మీద గట్టిగా అడగాల్సిన గొంతు అక్కడే మెత్తబడుతుంది. ఇది మన దగ్గరి రోగమే కాదు. సమైక్య ఉద్యమం నడిపిన ఏపీఎన్జీవోల అధ్యక్షుడు అశోక్‌బాబు కూడా 2019లో తెలుగుదేశంలో చేరి ఎమ్మెల్సీ అయ్యారు. జెండాలు వేరైనా తొవ్వ ఒకటే.

చట్టం సంగతి చూస్తే ఇంకో తమాషా. సర్కారు కొలువులో ఉంటూ పోటీ చేయొద్దని ప్రవర్తనా నియమావళి చెప్తది. లాభదాయక పదవిలో ఉన్నోళ్లు శాసనసభకు అనర్హులని రాజ్యాంగంలోని 191వ అధికరణం చెప్తది. అంటే నౌకరిని వదులుకోక తప్పదు. మరి సంఘం పదవిని? అది ఆఖరి దినం దాకా, బీ ఫారం చేతికొచ్చేదాకా పట్టుకొని ఉండొచ్చు! ఫ్యాక్టరీ కార్మికుల కోసం 1926లో తెల్లోడు చేసిన ట్రేడ్ యూనియన్ల చట్టంలో కూడా రాజకీయ ఖర్చుకు వేరే నిధి పెట్టాలని, అందులో చందా వేయాలని ఏ సభ్యుడినీ బలవంతం చేయొద్దని 16వ సెక్షన్‌లో రాసి ఉండేది. ఉద్యోగ సంఘాల నియమావళిల్లోనూ అంతటి పట్టింపు ఉండాల్సిందే కదా.

టీచర్ల కథ కొంచెం వేరు. మండలిలో పన్నెండో వంతు సీట్లు వాళ్ల ఓటుతోనే నిండాలని రాజ్యాంగమే పెట్టింది. అక్కడ సంఘాలు అభ్యర్థిని నిలబెట్టుడు సహజం. ఆ ఎమ్మెల్సీ రేపు అధికార పార్టీ కండువా కప్పుకుంటే అడిగే హక్కు మాత్రం ఓటేసిన టీచర్లకే ఉంటది. అడగాలె.

మేం అడిగేది పెద్ద ముచ్చట కాదు. ఎన్నికల్లో నిలబడాలనుకునే నాయకుడు పోలింగ్‌కు రెండేండ్ల ముందే సంఘం పదవి దిగాలె. పదవిలో ఉండగా గానీ, దిగిన రెండేండ్లలోపు గానీ కార్పొరేషన్ చైర్మన్ లాంటి నామినేటెడ్ కుర్చీ తీసుకోవద్దు. ఎవరికి మద్దతు ఇవ్వాలన్నది నలుగురు పెద్దలు గెస్ట్‌హౌస్‌లో కూసొని తేల్చొద్దు, సభ్యుల రహస్య ఓటు పెట్టాలె. సంఘం భవనం, సంఘం పైసలు, సంఘం జీపు ప్రచారానికి పోవద్దు. రాష్ట్ర నాయకత్వం ఈ పని తనంతట తాను చేస్తదన్న భ్రమ మాకు లేదు. మండల శాఖల్లో, జిల్లా శాఖల్లో ఉన్న చిన్న ఉద్యోగులు, నిన్నగాక మొన్న గ్రూప్స్ రాసి కొలువులో చేరిన పిల్లలు వచ్చే మహాసభలో ఇదే తీర్మానం పెట్టాలె. వేదిక మీదున్నోళ్లలో ఎవరు చేయి లేపుతారో, ఎవరు నీళ్లు నములుతారో పేర్లతో సహా రాసే పని మేం చూసుకుంటాం.